సియామీసా, ఓరియంటలా, బాలినీసా: వరంగల్ ఇళ్లకు ఏ పిల్లి కుదురుతుంది?

సియామీస్‌ను, దాని దగ్గరి చుట్టాలను కలిపి చెప్పే ఓరియంటల్ వర్గపు పిల్లిని మొదటిసారి చూసినవారి కన్ను ముందు చెవుల మీద పడుతుంది. చిన్న తలకు చేటంత చెవులు, నక్క మూతిలా ముందుకు సాగిన కోల ముఖం, ఏటవాలుగా ఉన్న బాదం గింజల్లాంటి కళ్లు, సన్నని పొడవాటి ఒళ్లు, కొస దగ్గర సూదిలా తేలే తోక. ఈ రూపం చూసి ముచ్చటపడి జాతిని ఎంచుకునేవారే ఎక్కువ. మా ఇంట్లో చాలా ఏళ్లుగా సియామీస్ పిల్లి ఉంది, ఆ అనుభవంతో చెబుతున్నాను: రూపాన్ని చివర చూసుకోవాలి. ఈ వర్గంలోని చాలా జాతులకు ఎముకల కట్టు దాదాపు ఒకటే. వాటి మధ్య అసలైన తేడా గొంతులో, బొచ్చులో, మనిషి లేని ఇంట్లో ఎంతసేపు ఉండగలదన్న దానిలో ఉంది. ఆ తేడాలు తెలియక తెచ్చుకున్నవారు ఆరు నెలలు తిరగకముందే ఎవరికైనా ఇచ్చేద్దామా అని ఆలోచిస్తారు, నష్టపోయేది ఆ పిల్లి.

## ముందుగా చూసుకోవలసినవి

ఇల్లు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. మిగతా పిల్లులు మనిషిని చోటులో భాగంగా చూస్తే, ఓరియంటల్ పిల్లులు మనిషినే తమ చోటుగా భావిస్తాయి. మీరు వంటింట్లో ఉంటే గట్టు మీద, స్నానానికి వెళితే తలుపు బయట, చదువుకుంటుంటే పుస్తకం మీద అవి ఉంటాయి. హనుమకొండలో అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో ఇంట్లో ఇద్దరమూ ఉదయం తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరున్నరకు వచ్చేవాళ్లం. కొత్తవాడలో మగ్గం దగ్గరే కొన్న జంపుఖానా ఒకటి హాల్లో పరిచి ఉండేది. ఒకరోజు వచ్చి చూస్తే దాని ఒక మూల అరచేయంత మేర నూలు తడిసి, చీలికలై ఉంది. పక్కనే కక్కిన దానిలో రెండు అంగుళాల ఎర్ర దారం చుట్టుకుని కనిపించింది. ఉన్నిని, నూలును చప్పరించి నమలడం సియామీస్, ఓరియంటల్ వంశాల్లో బాగా తెలిసిన అలవాటు, ఒంటరితనం దాన్ని ముదరబెడుతుంది. పొడవాటి దారం పేగుల్లో చిక్కుకుంటే పేగు ముడతలు పడి కోసుకుపోతుంది, అప్పుడు ఆపరేషన్ తప్ప మార్గం ఉండదు. మా పిల్లికి ఆ రోజు అదృష్టం బాగుండి దారం బయటికి వచ్చింది. ఆ వారంలోనే దానికి తోడుగా ఇంకో పిల్లిని తెచ్చాము. ఆ తర్వాత జంపుఖానా జోలికి అది వెళ్లలేదు.

గోడకు అవతల ఎవరున్నారు. సియామీస్ అరుపు పసిబిడ్డ ఏడుపుకు చాలా దగ్గరగా ఉంటుంది. "పిల్లగాడు ఏడుస్తున్నడు బిడ్డా, పాలు పట్టలేదా?" అని పక్కింటి అమ్మమ్మ గారు రాత్రి పదిన్నరకు మా తలుపు తట్టిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. పాత వరంగల్‌లో ఇంటికి ఇంటికి ఒకే గోడ ఉన్న వీధుల్లోనూ, అపార్ట్‌మెంట్లలోనూ ఈ విషయాన్ని తేలికగా తీసుకోకూడదు. ఎదకు వచ్చిన ఆడపిల్లి అరుపు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. సియామీస్ ఆడపిల్లులు మిగతా జాతుల కంటే తొందరగా, కొన్ని ఐదు నెలలకే ఎదకు వస్తాయి కాబట్టి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి మొదటి టీకాల నాడే పశువైద్యునితో మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

ఎండ. మనవాళ్లు మొదట అడిగేది దీని గురించే, నిజానికి ఈ వర్గం విషయంలో తక్కువ భయపడవలసింది కూడా దీని గురించే. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊళ్లో పర్షియన్ పిల్లి దట్టమైన బొచ్చుతో, చదును ముక్కుతో ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతుంది. ఓరియంటల్ పిల్లులకు లోపలి మెత్తని బొచ్చు పొర లేదు, ముక్కు పొడవుగా ఉంది, ఒంట్లో కొవ్వు తక్కువ. వాటి పూర్వీకులది సయాం దేశం, నేటి థాయ్‌లాండ్. కూలర్ గాలి, నీడ, రెండు మూడు చోట్ల నీళ్ల గిన్నెలు ఉంటే మన ఎండాకాలం గడిచిపోతుంది. కరెంటు పోయినప్పుడు తలుపులన్నీ మూసి ఉన్న పై అంతస్తు గదిలో మాత్రం ఏ పిల్లినీ వదలకూడదు. పిల్లి కుక్కలా నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే వడదెబ్బ తగులుతున్నదని గ్రహించి వెంటనే తడిగుడ్డతో తుడిచి ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. ఇక చలి గురించి: డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇవి మీ దుప్పటిలోకి దూరుతాయి, వద్దన్నా వినవు.

తిండి, కిటికీలు. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పోషకం మాంసం నుంచే దానికి అందాలి, అందకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. పెరుగన్నంతో పిల్లిని పెంచగలమనుకునే శాకాహార కుటుంబాలు కనీసం తయారుచేసిన పిల్లి ఆహారమైనా ఇంట్లో ఉంచడానికి ఇష్టపడాలి, అది కుదరదంటే ఏ జాతి పిల్లినీ తీసుకోకపోవడం న్యాయం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని సామెత చెప్పుకుంటాము గానీ, ఎదిగిన పిల్లుల్లో ఎక్కువ వాటికి పాలు సరిపడక విరేచనాలవుతాయి. కిటికీలకు, బాల్కనీకి గట్టి ఇనుప జాలి ఉండాలి. అది పిల్లి జారి పడకుండా ఎంత అవసరమో, మన దగ్గర కోతులు లోపలికి రాకుండా కూడా అంతే అవసరం.

## సియామీస్

థాయ్‌లాండ్‌లో పిల్లుల లక్షణాలను పద్యాలతో, బొమ్మలతో వర్ణించిన పాత రాతప్రతులు ఉన్నాయి. మన దగ్గర గుర్రాల, ఎద్దుల సుడులు చూసి మంచి చెడ్డలు చెప్పిన తీరులోనే అవి ఏ రంగు పిల్లి శుభమో, ఏది కాదో చెబుతాయి. లేత ఒంటికి ముదురు మూతి, చెవులు, పాదాలు, తోక ఉన్న పిల్లి వాటిలో శుభలక్షణాలది. 1884లో బ్యాంకాక్‌లోని బ్రిటిష్ కాన్సుల్ గౌల్డ్ ఒక జంటను తన సోదరికి పంపిన తర్వాత ఇంగ్లండ్‌లో దీని పెంపకం మొదలైంది.

ఈ పిల్లి రంగు వెనుక ఉన్న కారణం తెలుసుకోవలసినది. రంగును తయారుచేసే ఎంజైమ్ దీనిలో ఒంటి వేడికి పనిచేయకుండా పోతుంది, చల్లగా ఉండే కొసల్లో మాత్రమే పనిచేస్తుంది. తల్లి కడుపులోని వెచ్చదనం వల్ల కూనలు తెల్లగా పుడతాయి. పుట్టిన కొద్ది రోజులకు చెవుల అంచులు, ముక్కు, తోక కొస మసకబారడం మొదలవుతుంది. చల్లని ప్రాంతాల పిల్లి ఒళ్లు ముదురుతుంది, వేడి ప్రాంతాల పిల్లి ఒళ్లు లేతగా ఉంటుంది. అందువల్ల విదేశీ ఫొటోల్లోని ముదురు గోధుమ రంగు సియామీస్ కోసం వెతికేవారు మన ఊళ్లో పెరిగిన పిల్లి మీగడ రంగులోనే ఉంటే మోసపోయామని అనుకోనక్కరలేదు. ఆపరేషన్ కోసం పొట్ట మీద గొరిగిన చోట చలికాలంలో కొత్త బొచ్చు ముదురుగా వచ్చి, తరువాత రాలి, మళ్లీ లేతగా మొలవడం కూడా ఇందువల్లే.

స్వభావంలో సియామీస్ ఒక మనిషిని పట్టుకుంటుంది. ఇంట్లో ఐదుగురు ఉన్నా ఆ ఒక్కరి అడుగుల చప్పుడు దానికి మెట్ల దగ్గరే తెలుస్తుంది. మనం మాట్లాడితే జవాబిస్తుంది, గిన్నె ఖాళీ అయితే చెబుతుంది, తలుపు మూసి ఉంటే ఫిర్యాదు చేస్తుంది. ఈ మాటలు కొందరికి ప్రాణం, కొందరికి చెవిలో జోరీగ. మీరు రెండో రకం మనిషైతే ఇక్కడితో ఈ జాతిని పక్కన పెట్టండి, అలవాటవుతుందిలే అన్న ఆశతో తెచ్చుకోవద్దు.

ఆరోగ్యం విషయంలో ఉబ్బసం, చిగుళ్ల వాపు, కాలేయంలో ఒక రకం ప్రోటీన్ పేరుకుపోయే అమిలాయిడోసిస్, క్రమంగా చూపు తగ్గించే రెటీనా జబ్బు ఈ వంశంలో కనిపిస్తాయి. రెటీనా జబ్బుకు జన్యు పరీక్ష ఉంది. ఉబ్బసం ఉన్న పిల్లి ఉన్న ఇంట్లో సాంబ్రాణి పొగను, అగరుబత్తీలను వేరే గదికి మార్చుకోక తప్పదు.

## ఓరియంటల్ షార్ట్‌హెయిర్

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో సియామీస్ పిల్లులను రష్యన్ బ్లూ, బ్రిటిష్ షార్ట్‌హెయిర్, అబిసీనియన్ వంటి జాతులతో కలిపి పెంచినప్పుడు, సియామీస్ ఒంటికి వేరే రంగులు వచ్చిన పిల్లులు పుట్టాయి. వాటి నుంచి 1950ల తర్వాత రూపుదిద్దుకున్నది ఈ జాతి. అమెరికాలో 1977లో గుర్తింపు పొందింది. రంగులు, చారలు కలిపి మూడు వందలకు పైగా మేళవింపులు దీనిలో ఉన్నాయి. సియామీస్‌కు కళ్లు ఎప్పుడూ నీలమే, దీనికి సాధారణంగా ఆకుపచ్చ. అంతకు మించి ఎముక మీద ఎముక పెట్టి చూసినా తేడా కనిపించదు.

గుణంలో మాత్రం ఒక చిన్న తేడాను నేను చూశాను, అందరూ ఒప్పుకుంటారని అనను. సియామీస్ ఒకరిని ఎంచుకుంటే ఇది ఇంటిల్లిపాదితో కలుస్తుంది. కొత్తవారు వస్తే దాక్కోకుండా ముందుగా వారి సంచిలో తల పెడుతుంది. తలుపు పైఅంచు మీద, అల్మారా మీద, సజ్జ మీద నడుస్తుంది, సొరుగు తెరవడం నేర్చుకుంటుంది. సంక్రాంతికి ముందు మా బంధువుల ఇంట్లో తెల్లని బట్ట మీద సకినాలు పోస్తుండగా వాళ్ల నల్లని ఓరియంటల్ పిల్లి గోడ పక్కన పావుగంట కదలకుండా కూర్చుని పిన్ని చేతివేళ్లను చూస్తూ ఉంది. ఆ తర్వాత లేచి వచ్చి, ఒక సకినం చుట్టుకు సరిగ్గా మధ్యలో కుడి ముందుకాలు ఆనించి ఆగింది. బట్ట మీద మిగతా వరుసల్లో ఒక్కటీ చెదరలేదు. ఆ పిల్లి చేసే పనులన్నింటిలోనూ ఈ నేర్పు, ఈ కుతూహలం ఉంటాయి. పనీపాటా ఇవ్వకపోతే తనకు తానే పని వెతుక్కుంటుంది, అది మీకు నచ్చే పని కాకపోవచ్చు.

నల్ల రంగు గురించి ఒక మాట. ఇంట్లో శకునాలు పట్టించుకునే పెద్దలుంటే వారిని ఒప్పించిన తర్వాతే నల్ల కూనను తేవాలి. తెచ్చాక ఎదురొచ్చిందని రోజూ కసురుకునే ఇంట్లో ఆ పిల్లి బెదిరిపోతుంది. రంగులు ఇన్ని ఉన్నప్పుడు వేరొకటి ఎంచుకోవడం కష్టం కాదు.

## బాలినీస్, ఓరియంటల్ లాంగ్‌హెయిర్

బాలినీస్ అంటే పొడవు బొచ్చు సియామీస్, అంతే. బాలి ద్వీపానికీ దీనికీ సంబంధం లేదు. 1950ల్లో అమెరికాలో దీన్ని పెంచినవారు అక్కడి నర్తకీమణుల ఒయ్యారం గుర్తొచ్చి ఆ పేరు పెట్టారు. ఓరియంటల్ లాంగ్‌హెయిర్ అలాగే షార్ట్‌హెయిర్‌కు పొడవు బొచ్చు రూపం. లోపలి పొర లేకపోవడం వల్ల ఈ బొచ్చు పట్టులా ఒంటికి అంటి ఉంటుంది, తోక మాత్రం వింజామరలా విచ్చుకుంటుంది. పర్షియన్‌లా రోజూ దువ్వక్కరలేదు, వారానికి రెండుసార్లు చాలు. గొంతు సియామీస్ కంటే కాస్త మెత్తన.

బాలినీస్ ఎలర్జీ రాని పిల్లి అని అమ్మేవారు చెబుతుంటారు. ఎలర్జీ తెచ్చే ప్రోటీన్ పిల్లి లాలాజలంలో, చర్మ గ్రంథుల్లో తయారవుతుంది, బొచ్చు రకాన్ని బట్టి అది పోదు. ఇంట్లో ఎవరికైనా తుమ్ములు, ఆయాసం ఉంటే ఆ మనిషి ఆ పిల్లి దగ్గరే రెండు మూడు సార్లు గంటసేపు కూర్చుని చూసిన తర్వాతే నిర్ణయించాలి.

## టాంకినీస్, బర్మీస్

వీటిని కోల ముఖపు ఓరియంటల్ జాతులతో కలిపి చెప్పడం కొందరికి నచ్చదు, కానీ రక్తసంబంధం ఉంది. 1930లో వాంగ్ మావ్ అనే గోధుమ రంగు ఆడపిల్లి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు వచ్చింది. జోసెఫ్ థాంప్సన్ అనే వైద్యుడు దాన్ని సియామీస్ మగపిల్లితో కలిపి, పుట్టిన కూనలను పరిశీలించి, అది సగం సియామీస్, సగం మరో జాతి అని తేల్చాడు. ఆ మరో జాతే బర్మీస్. వాంగ్ మావ్ లాంటి సగం సగం పిల్లినే ఇప్పుడు టాంకినీస్ అంటున్నాము.

బర్మీస్ కండపుష్టి గలది, పట్టు బట్టలో చుట్టిన ఇటుకలా చేతికి బరువుగా తగులుతుంది. ముఖం గుండ్రన, కళ్లు బంగారు పసుపు. గొంతు తగ్గుస్థాయిలో, కాస్త బొంగురుగా ఉంటుంది. ఒడి దొరికితే చాలు. అయితే ఒంటరిగా ఉండడం దీనికీ ఇష్టం లేదు, అరిచి చెప్పదు కాబట్టి మనకు తెలియదు, అంతే తేడా. కొన్ని బర్మీస్ వంశాల్లో మధుమేహం ఎక్కువ. టాంకినీస్ ఈ రెండింటికీ మధ్యస్థం: మరీ సన్నన కాదు, మరీ బరువు కాదు, కళ్లు నీలం పచ్చ కలిసిన సముద్రపు రంగు, మాట్లాడుతుంది గానీ రోజంతా కాదు. మొదటిసారి పిల్లిని పెంచేవారికి, దొరికితే, నేను చెప్పే పేరు ఇదే.

మిగిలినవాటిలో హవానా బ్రౌన్ మీసాలతో సహా ముదురు గోధుమ రంగులో ఉండే సౌమ్యమైన పిల్లి, మన దగ్గర కనిపించడం అరుదు. పీటర్‌బాల్డ్ 1994లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన బొచ్చు లేని జాతి. మన ఎండలో చర్మం మాడిపోయే పిల్లిని తెచ్చుకోవడం సరైన పని కాదని నా గట్టి అభిప్రాయం.

| జాతి | ఒళ్లు, బొచ్చు | గొంతు | ఒంటరితనం | మన ఎండ |
|---|---|---|---|---|
| సియామీస్ | సన్నన, పొట్టి బొచ్చు | చాలా ఎక్కువ | అసలు భరించదు | తట్టుకుంటుంది |
| ఓరియంటల్ షార్ట్‌హెయిర్ | సన్నన, పొట్టి బొచ్చు | ఎక్కువ | భరించదు, వస్తువులు పాడుచేస్తుంది | తట్టుకుంటుంది |
| బాలినీస్, ఓరియంటల్ లాంగ్‌హెయిర్ | సన్నన, పట్టు లాంటి పొడవు బొచ్చు | ఎక్కువ, కాస్త మెత్తన | భరించదు | కూలర్ ఉంటే ఇబ్బంది లేదు |
| టాంకినీస్ | మధ్యస్థం, పొట్టి బొచ్చు | మధ్యస్థం | తోడుంటే సర్దుకుంటుంది | తట్టుకుంటుంది |
| బర్మీస్ | బరువు, నిగనిగలాడే పొట్టి బొచ్చు | తక్కువ | లోలోపల కుంగుతుంది | బరువు పెరగనివ్వకపోతే తట్టుకుంటుంది |

## ఎవరికి ఏది

పదవీ విరమణ చేసి రోజంతా ఇంట్లో ఉండే దంపతులకు, పిల్లలు దూరాన ఉన్న తల్లిదండ్రులకు సియామీస్ కంటే మంచి తోడు ఈ వర్గంలో లేదు. వాళ్లకు మాట్లాడే మనిషి కావాలి, దానికి వినే మనిషి కావాలి. బడికి వెళ్లే పిల్లలు, నాయనమ్మ, వచ్చిపోయే చుట్టాలతో కళకళలాడే ఉమ్మడి కుటుంబానికి ఓరియంటల్ షార్ట్‌హెయిర్ సరిపోతుంది. అయితే మరీ చిన్నపిల్లలున్న ఇంట్లో తోక పట్టి లాగే వయసు దాటేదాకా ఆగడం మంచిది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే అపార్ట్‌మెంట్ ఇంటికి ఒంటరి సియామీస్‌నో, ఓరియంటల్‌నో నేను సిఫారసు చేయలేను. అక్కడ రెండు టాంకినీస్ కూనలను కలిపి తెచ్చుకోవచ్చు. రెండింటి తిండి, టీకాలు, ఇసుక డబ్బాల ఖర్చు భరించలేమనుకుంటే జాతి పిల్లుల ఆలోచన మానుకుని, మన వీధిలోనే పుట్టిన, బాగా ఎదిగిన, నెమ్మది పిల్లిని చేరదీయడం అందరికీ మేలు. కాజీపేట, వరంగల్ వీధుల్లో అటువంటి పిల్లులకు కొదవ లేదు. గొంతు పడనివారికి, పక్కింట్లో రోగులున్నవారికి బర్మీస్. బాలినీస్ అందం కోసమే కావాలనుకునేవారు ఆ తోకను దువ్వడానికి ఓపిక ఉందో లేదో తమను తాము అడిగి చూసుకోవాలి.

బతుకమ్మ పండుగ రోజుల్లో మాత్రం ఏ జాతి పిల్లిని పెంచేవారికైనా జాగ్రత్త ఒకటే. తంగేడు, గునుగు, బంతి, చామంతి కుప్పలుగా ఇంట్లోకి వస్తాయి. చామంతి నమిలితే పిల్లికి వాంతులు, చొంగ, తూలుడు కలగవచ్చు. లిల్లీ పువ్వు రేకు, పుప్పొడి సైతం పిల్లి మూత్రపిండాలను చంపేస్తాయి, దాన్ని ఇంటి గడప దాటి రానివ్వకూడదు. పూలు పేర్చే గది తలుపు మూసి ఉంచితే సరిపోతుంది. ఇలాగే మనుషుల పారాసిటమాల్, కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

## కొనేటప్పుడు

ఈ జాతులు వరంగల్‌లో తేలిగ్గా దొరకవు, కాబట్టి పేరు చెప్పి వేరే పిల్లిని అంటగట్టే అవకాశం ఎక్కువ. మూతి, చెవులు ముదురుగా ఉన్నంత మాత్రాన సియామీస్ కాదు. ఆ రంగు జన్యువు పర్షియన్లలోకి, వీధి పిల్లుల్లోకి కూడా చేరింది. కళ్లు నీలంగా లేకపోతే అది సియామీస్ కాదని నిస్సందేహంగా చెప్పవచ్చు. గుండ్రటి ముఖం, మెత్తని దట్టమైన బొచ్చు ఉంటే పర్షియన్ కలిసినట్టే. రెండు తరాల పేర్లున్న వంశపత్రం, టీకాల పుస్తకం, తల్లి పిల్లిని చూపించే ధైర్యం అమ్మేవారిలో ఉండాలి. తల్లిని చూపించకుండా బస్టాండ్ దగ్గర డబ్బాలో పెట్టి ఇస్తామనే వారి దగ్గర కొనవద్దు. కూనకు పన్నెండు వారాలు నిండాలి. అంతకు ముందే తల్లి నుంచి వేరు చేసినవాటిలో ఉన్ని నమిలే అలవాటు మరింత కనిపిస్తుంది.

చూడడానికి వెళ్లినప్పుడు కూనలతో ఆడకుండా పావుగంట ఊరికే కూర్చోండి. తల్లి పిల్లి మీ దగ్గరికి వచ్చి వాసన చూస్తే, దాని గొంతు వింటే కూనలు ఎలా ఎదుగుతాయో చాలావరకు తెలిసిపోతుంది. మామునూరులో పశువైద్య కళాశాల ఉన్న ఊరు మనది, పిల్లులను చూసే వైద్యుడెవరో ముందే కనుక్కుని ఇంటికి తెచ్చిన వారంలోపే ఒకసారి చూపించాలి. హైదరాబాద్ నుంచి తీసుకువస్తుంటే, ఎండాకాలమైతే తెల్లవారుజామున బయలుదేరండి. బుట్టలో తల్లి పడుకున్న పాత గుడ్డ ముక్క ఒకటి అడిగి వేయించుకోండి. దారంతా అరుస్తుంది, బుట్ట తెరవకుండా, మధ్యమధ్యలో మెల్లగా మాట్లాడుతూ రండి. ఇంటికి రాగానే మొత్తం ఇల్లు చూపించకుండా ఒక గదిలో నీళ్లు, ఇసుక డబ్బా, ఆ గుడ్డ పెట్టి మొదటి రాత్రి మీరూ అదే గదిలో చాప వేసుకుని పడుకోండి.